గుండె సత్తువ మర్మ మెఱిగిన యల్లాప్రగడ సుబ్బారావు

మదరాసునుండి కలకత్తాకు పోవు ఇనుపదారిలో రాజమహేంద్రవరము దాటిన పిమ్మట అనపర్తి, సామర్లకోట, పిఠాపురము వరుసగా తగులును. పిఠాపురము పేరు వినగానే పాదగయా క్షేత్రము, కుక్కుటేశ్వరస్వామి కోవెల, సూర్యారాయాంధ్ర నిఘంటువునకు పోషకులైన సంస్థానాధిపతులు ఆంధ్రులకు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ సంస్థానపు దాతృత్వమునకు గుర్తుగా కాకినాడలోని కళాశాల నేటికిని పిఠాపురము రాజావారి పేరనే పిలువబడుచున్నది. విద్యకు ధనము తోడై నిలుచుట ఆ సీమకు క్రొత్త గాదు. ఒకనాడు ఆ సీమ చేసిన సహాయముతోనే ఒక పేద వైద్యవిద్యార్థి సముద్రము దాటి పోయెను. అనపర్తి ఆయనకు అత్తవారి ఊరు. కాకినాడలోని ఒక ధర్మసంస్థ ఆయన ప్రయాణమునకు ఆసరా. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

బోదకాలు మందు అనగానే ఆయనను తలచువారు కలరు. ఫోలికామ్లము అనగానే తలచువారు కలరు. గుండెపోటు వచ్చి, నాడి అందక, ఒడలు చల్లబడి, ప్రాణము కడబట్టిన రోగికి నేటి వైద్యులు అమర్చు యంత్రముల ప్రసంగము వచ్చినప్పుడు మాత్రము ఆయన పేరు ఎత్తువారు అరుదు. ఆ యంత్రములను ఆయన నిర్మింపలేదు, చూడను లేదు. అయినను అవి రోగికి చేయు మేలు ఎట్టిదో తెలియవలెనన్నచో, ఆయన యౌవనమున బోస్టన్ నగరమునందలి ప్రయోగశాలలో చేసిన పనిని తెలిసికొనక తప్పదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. ఇంట సంతానము ఎక్కువ, సంపద తక్కువ. బాలునికి చదువుమీద మనసు నిలువలేదు. పదమూడేండ్ల ప్రాయమున కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడను కాగలనను ఊహతో ఇల్లు విడిచెను. ఇంటివారు వెనుకకు తెచ్చిరి. రాజమహేంద్రవరమున చదువు సాగినది గాని మెట్రిక్యులేషను గట్టెక్కలేదు. తల్లి పట్టు వదలలేదు. నగలు అమ్మి కుమారుని చదివించెను. మదరాసు హిందూ హైస్కూలునుండి మూడవ పర్యాయము పరీక్షకు కూర్చుండి ఆయన ఉత్తీర్ణులైరి.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొను దినములలో రామకృష్ణ మఠము ఆయనను ఆకర్షించెను. సన్యసింపదలచిరి. తల్లి అనుమతింపలేదు. సన్యాసము కానిచో వైద్యము. ఆర్తులకు సేవ చేయు మార్గము అదియును గదా యని మదరాసు వైద్యకళాశాలలో చేరిరి. చదువునకు కావలసిన ధనము అనపర్తినుండి వచ్చెను. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు తమ కుమార్తె శేషగిరిని ఆయనకిచ్చి 1919లో వివాహము చేసిరి.

అవి గాంధీ మహాత్ముని ఉద్యమము దేశమును కదిలించుచున్న దినములు. సుబ్బారావుగారు శస్త్రవైద్య తరగతికి ఖద్దరు వస్త్రము ధరించి పోయిరి. ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు అది రుచింపలేదు. పరీక్షలలో వ్రాసిన సమాధానములు బాగున్నను, చేతికి వచ్చినది ఎం.బి.బి.యస్. పట్టము గాక, తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.యస్. పట్టము. ఆ పట్టముతో ప్రభుత్వ వైద్యశాఖలో ఆయనకు చోటు దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుటకు కుదిరిరి.

అంతకు ముందే ఆ కుటుంబమునకు పిడుగుపాటు వంటి ఆపద కలిగియుండెను. స్ప్రూ యను దీర్ఘాతిసార వ్యాధి సోదరుడైన పురుషోత్తమును బలిగొనెను. కొలది దినముల తేడాలో మఱియొక సోదరుడును గతించెను. సుబ్బారావుగారికిని ఆ వ్యాధి సోకినది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరి. మందు తెలిసిన వైద్యుడు ఎదుట నుండియు, రోగకారణము తెలియక మనుష్యులు మరణించుట ఆయన హృదయమున నాటుకొనెను. ఉష్ణమండల వ్యాధులను అభ్యసించుటకు అమెరికాకు పోవలెనని నిశ్చయించుకొనిరి. రంగూనులో వ్యాపారము చేసి గడించిన ధనమును ధర్మకార్యములకు వ్రాసిపోయిన మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ కాకినాడనుండి సహాయము చేసెను. మామగారు మఱికొంత సమకూర్చిరి. ఆ విధముగా 1920ల తొలి సంవత్సరములలో ఆయన బోస్టన్ చేరిరి. భార్యను మరల చూడలేదు. ఆయన వెళ్ళిన పిమ్మట పుట్టిన మగబిడ్డ పసితనముననే పోయెను. ఆ బిడ్డ మొగమును ఆయన ఎన్నడును ఎఱుగరు.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యశాస్త్రమున పట్టము పొందుచు, పొట్టకూటికై రాత్రులందు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు పనికి కుదిరిరి. మదరాసులో వైద్యపట్టము పొందినవారు చేసిన పని అది. పిమ్మట సైరస్ ఫిస్కీ యను ఆచార్యుని జీవరసాయనశాలలో చేరిరి. శరీర ద్రవములలో భాస్వరము ఎంత కలదో కొలుచుటకు నమ్మదగిన పద్ధతిని ఏర్పరచుట అచ్చట ఆయనకు అప్పగింపబడిన పని. ద్రవమునకు కొన్ని రసాయనములు చేర్చినచో నీలివర్ణము వచ్చును. రంగు ఎంత చిక్కనో భాస్వరము అంత హెచ్చు. 1925లో ప్రకటితమైన ఆ పద్ధతి ఫిస్కీ-సుబ్బారావు పద్ధతి యను పేర లోకమంతట వ్యాపించెను. జీవరసాయన విద్యార్థులు తరతరములుగా దానిని నేర్చుకొనిరి.

ఆ నీలివర్ణమే పెద్ద మర్మమునకు త్రోవ చూపెను. పిల్లి కండరమునుండి తీసిన ద్రవమున రంగు వెంటనే పూర్తిగా రాక, క్రమముగా చిక్కనగుచుండెను. మఱియొకరైనచో కొలతలో ఏదో పొరపాటు జరిగినదని ఆ ద్రవమును పారబోసియుందురు. వీరు ఆ ఆలస్యమునకు కారణము వెదకిరి. భాస్వరము ఏదియో ఒక దానితో సడలిన ముడివలె పెనవైచుకొనియున్నదనియు, ఆ ముడి విడుచున్నకొలది రంగు హెచ్చుచున్నదనియు తేలినది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతి ప్రకటింపబడెను. ఆ కాలముననే ఇంగ్లండులో ఎగల్‌టన్ దంపతులును ఈ పదార్థమును పసికట్టిరి. కండరమును పనిచేయించినచో అది తరిగిపోవుచుండెను. పని మాన్పించి, రక్తప్రసారము చక్కగా నుండనిచ్చినచో అది మరల కూడుకొనుచుండెను. ఈ చిన్న వాక్యమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాతి కథ యంతయు దీనిమీదనే నిలుచును.

రెండేండ్ల పిమ్మట, 1929లో, కండరమున అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను మఱియొక పదార్థము కలదని వారు వెల్లడించిరి. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు అదే సంవత్సరము కొన్ని నెలలకు ముందుగా దీనిని ప్రకటించియుండెను. కండరము కదలుటకు లాక్టికామ్లము పుట్టుటయే కారణమని అంతవరకు పండితులు నమ్మిరి. ఆ సిద్ధాంతమునకు సంబంధించిన పరిశోధనకు 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము సైతము ఈయబడినది. బోస్టన్‌లోని చిన్న బల్లమీద పుట్టిన ఈ క్రొత్త సంగతులు ఆ సిద్ధాంతపు పునాదులను కదలించెను.

ఈ రెండు పదార్థముల సంబంధమును రైతు ఇంటి లెక్కలో చెప్పవచ్చును. అడినోసిన్ ట్రైఫాస్ఫేటు చేతిలోని చిల్లర. కండరము చేయు ప్రతి పనికి వెల దానితోనే చెల్లింపవలెను. ఫాస్ఫోక్రియాటిన్ రొంటిని దోపుకొన్న సొమ్ము. చిల్లర అయిపోవుచున్నప్పుడు తక్షణము తీసి పూడ్చుటకు పనికివచ్చును. ప్రాణవాయువు తోడ్పాటుతో ఆహారమునుండి పుట్టు శక్తి పొలమున పండు పంట. పంట వచ్చుచున్నంతకాలము రొంటి సొమ్ము నిండుచుండును. పంట ఆగినచో రొంటి సొమ్ము ఎంతసేపు నిలుచును?

ఈ ప్రశ్న గుండె విషయమున ప్రాణముమీదికి వచ్చును. చేయి అలసినచో దింపుకొనవచ్చును, కాలు అలసినచో కూలబడవచ్చును. గుండెకు ఆ సౌకర్యము లేదు. దినమునకు సుమారు 1,00,000 పర్యాయములు అది కొట్టుకొనును. అందుకై అది దినమునకు వ్యయపరచు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు సుమారు 6 కిలోగ్రాములని శాస్త్రజ్ఞుల లెక్క. గుండె బరువైనను అందులో పదియవ వంతు ఉండదు. అనగా ఆ చిల్లర ఒక్క దినములోనే వేలకొలది పర్యాయములు వ్యయమై, మరల కూడవలెను. గుండెకు రక్తము తెచ్చు ధమనిలో గడ్డకట్టి దారి మూసికొన్నచో, ఆ భాగమున ఫాస్ఫోక్రియాటిన్ కొలది నిమిషములలోనే దాదాపు ఇంకిపోవును. చిల్లరయును క్రమముగా తరిగిపోవును. అర్ధగంట మొదలుకొని కండరము తిరిగిరాని విధముగా చచ్చుటకు ఆరంభించును.

ఎడమ జఠరిక కండరములో నూటికి సుమారు 40 పాళ్ళు ఇట్లు చెడినచో శరీరమునకు చాలినంత రక్తమును గుండె నెట్టజాలదు. రక్తపు పోటు పడిపోవును. పోటు పడినచో గుండె ధమనులలోనికే రక్తము సరిగా పోదు. అందుచే మిగిలిన మంచి కండరమును కృశించును. కృశించినకొలది పోటు ఇంకను పడును. ఈ విషవలయమునే వైద్యులు హృదయమూలక షాకు అందురు.

సుబ్బారావుగారి జీవితమునకు మరల వత్తము. ఇంతటి పని చేసినను హార్వర్డులో ఆయనకు శాశ్వతోద్యోగము లభింపలేదు. 1940లో ఆయన ఆ విశ్వవిద్యాలయమును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను ఊరనున్న లెడర్లీ మందుల కర్మాగారమునకు పోయి, పరిశోధనలకు అధిపతులైరి. అచ్చటి ఎనిమిదేండ్లలో ఆయన ఆధ్వర్యమున జరిగిన పనులు ఒక్కొక్కటి ఒక జీవితమునకు చాలినంతటివి. 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సోదరుని బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందయ్యెను. ఆ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు అమినోప్టెరిన్ అను మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు సోకిన పసిపిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికముగానైనను వెనుదిరుగుటను 1948లో లోకమునకు చూపెను. హెట్రజాన్ అను మందు బోదకాలు పురుగును చంపునని 1947లో తెలియవచ్చినది. తూర్పుతీరపు జిల్లాలలో బోదకాలు ఎఱుగని ఊరు లేదనదగిన కాలమది. 1955లో భారతదేశమున ఆరంభమైన బోదకాలు నివారణ పథకమునకు ఆ మందే ఆయుధమయ్యెను. డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టినుండి వెలికితీసిన ఆరియోమైసిన్ సైతము ఆయన శాఖలో పుట్టినదే.

ఇన్ని వ్యాధులను వెంటాడిన మనిషిని ఒక రాత్రి గుండె వెంటాడెను. 1948 ఆగస్టు నెలలో, 53 ఏండ్ల వయస్సున, పెరల్ రివర్‌లోని తన గదిలో నిద్రలోనే సుబ్బారావుగారు గుండె ఆగి మరణించిరి. తెల్లవారిన పిమ్మట గాని ఎవరికిని తెలియలేదు. కండరము శక్తి ఎచ్చట దాచుకొనునో కనుగొన్నవారి గుండె, దాచుకొన్నది అంతయు వెచ్చించి నిలిచిపోయెను. ఆ కాలమున గుండెపోటునకు పడుకబెట్టుట, ప్రాణవాయువు అందించుట, నొప్పికి మందిచ్చుట తప్ప వైద్యులకు చేయదగినది స్వల్పము. చెడిన గుండెకు చేయూతనిచ్చు యంత్రము లోకమున లేనే లేదు.

ఆ యంత్రములు తరువాతి తరమువారు చేసినవి. 1953లో గిబ్బన్ అను శస్త్రవైద్యుడు గుండెకును ఊపిరితిత్తులకును బదులుగా పనిచేయు యంత్రము సాయముతో శస్త్రచికిత్స చేసి రోగిని బ్రతికించెను. ఆ సంవత్సరముననే ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ తన సోదరునితో కలిసి, గుండె విశ్రమించు క్షణమున ధమనిలోని పోటును పెంచినచో గుండెకే రక్తము హెచ్చుగా పోవునని జంతువులందు చూపెను. 1962లో మౌలోపౌలోస్, టోపాజ్, కాల్ఫ్ అనువారు ఇందుకు బృహద్ధమనిలో బుడగను అమర్చు పద్ధతిని వివరించిరి. 1967లో బ్రూక్లిన్ నగరభాగమునందలి మైమోనిడీస్ ఆసుపత్రిలో కాంట్రోవిట్జ్ బృందము షాకులోనున్న 45 ఏండ్ల స్త్రీకి ఆ బుడగను అమర్చెను. కొన్ని గంటలు అది పనిచేసెను. ఆమె కోలుకొనెను.

బుడగ చేయు పని చూచుటకు సులభము. తొడమొదటి ధమనిగుండా సన్నని గొట్టముతో దానిని పైకి పంపి, గుండె వెలువలనున్న బృహద్ధమనిలో నిలుపుదురు. గుండె ముడుచుకొని విప్పుకొన్న వెంటనే బుడగ హీలియము వాయువుతో ఉబ్బి, రక్తమును వెనుకకు నెట్టి గుండె ధమనులలోనికి పోనిచ్చును. గుండె మరల ముడుచుకొనబోవు క్షణమున చప్పున అణగి దారి నిచ్చును. అది గుండెకు రక్తమును పెంచును, గుండె బరువును తగ్గించును. కాని తనంతట తాను తోడునది మిక్కిలి స్వల్పము.

గుండె పనిని నిజముగా పంచుకొను యంత్రములలో ఒకటి 1988లో మనుష్యునికి అమర్చబడినది. దానిని కల్పించిన రిచర్డ్ వాంప్లర్ అను వైద్యుడు ఈజిప్టులో రైతులు మరచుట్టు గొట్టములతో నీరు తోడుట చూచి ఈ ఊహ పొందెను. కాలువనుండి చేనికి నీరు ఎత్తు మరను చిన్నదిగా చేసి ధమనిలో ఇమిడ్చినట్లయ్యెను. ఆ వంశమునకు చెందిన నేటి పంపులు ఎడమ జఠరికలోనికి ముక్కు దూర్చి, నిమిషమునకు మూడు లీటర్లకు పైగా రక్తమును బృహద్ధమనిలోనికి తోడగలవు. ఆరోగ్యవంతుని గుండె విశ్రాంతిలో తోడునది నిమిషమునకు సుమారు 5 లీటర్లు.

ఏతము త్రొక్కి త్రొక్కి అలసినవానిని పక్కకు దింపి మఱియొకడు ఎక్కినట్లుగా ఈ పంపు పనిచేయును. దిగినవాడు ఊరక కూర్చుండడు. ఊపిరి కూడదీసికొనును. పంపు తోడుచున్నంతసేపు గుండె కండరము తక్కువ ప్రాణవాయువుతో గడుపుకొనును. చావక మిగిలిన కండరమున తరిగిన సొమ్ము మరల కూడుటకు అవకాశము చిక్కును. పనిలో తరుగును, రక్తము పారు విశ్రాంతిలో కూడును అని 1927లో పిల్లి కండరమునందు కనిపించిన ధర్మమే మనుష్యుని గుండెలోను నడచును. యంత్రము గుండెను బాగుచేయదు, గుండెకు గడువు సంపాదించును.

గడువుతో ప్రాణము నిలుచునా యను ప్రశ్నకు జవాబు తేలికగా రాలేదు. బుడగ పంపు నలువది ఏండ్లకు పైగా వాడుకలో నున్న పిమ్మట, జర్మనీలో 600 మంది రోగులతో జరిపిన పరీక్ష 2012లో వెలువడెను. బుడగ పెట్టినవారిలోను పెట్టనివారిలోను ముప్పది దినములలో నూటికి సుమారు 40 మంది మరణించిరి. ఇన్నేండ్లు నమ్మిన సాధనము ప్రాణము నిలుపలేదని తేలుట వైద్యలోకమునకు చేదుమాత్ర. 2024లో డెన్మార్కు, జర్మనీ, బ్రిటను దేశములలో 355 మందిపై జరిగిన పరీక్ష, జఠరికలోనుండి తోడు చిన్న పంపు విషయమున వేఱు జవాబు చెప్పెను. ఆరు నెలలలో పంపు లేనివారిలో నూటికి 58.5 మంది, పంపు అమర్చినవారిలో 45.8 మంది మరణించిరి. అయితే రక్తస్రావము, కాలికి రక్తము అందకపోవుట, మూత్రపిండములకు యంత్రసహాయము కావలసివచ్చుట పంపు పెట్టినవారిలో హెచ్చాయెను. పెద్ద గుండెపోటుతో షాకులో పడినవారిని జాగ్రత్తగా ఎన్నుకొని జరిపిన పరీక్ష అది. షాకు అను పేరు గల ప్రతి రోగికిని అది వర్తింపదు.

పంపు పెట్టినను సగమునకు దగ్గరగా మరణించిరను మాట మరువరానిది. మూసికొన్న ధమనిని త్వరగా తెరచుటయే మూలచికిత్స. పంపు దానికి తోడు మాత్రమే. పిఠాపురములో ఒక గృహస్థునకు తెల్లవారుజామున గుండె పట్టుకొన్నదనుకొందము. కాకినాడ సుమారు 20 కిలోమీటర్లు. ఇంటివారు వాయువని వాము నమలనిచ్చి, తెల్లవారిన పిమ్మట చూతమని గడుపు ప్రతి అర్ధగంటకు కొంత కండరము శాశ్వతముగా పోవుచుండును. మిక్కిలి ఖరీదైన పంపు సైతము చచ్చిన కండరమున శక్తిని నింపజాలదు. బ్రతికియున్న దానికే విశ్రాంతి నీయగలదు. రోగి ఆసుపత్రి గుమ్మము త్రొక్కువేళకు ఎంత కండరము బ్రతికియున్నదనునదే యంత్రము ఫలితమును నిర్ణయించును.

సుబ్బారావుగారి పేర ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని నామకరణము చేసిరి. 1995లో, ఆయన శతజయంతి సంవత్సరమున, భారత ప్రభుత్వము తపాలాబిళ్ళ వెలువరించెను. ఆయన ఆస్తి కూడబెట్టలేదు, ఆత్మకథ వ్రాయలేదు, తాను చేసిన పనులకు ముందు నిలిచి కీర్తిని కోరలేదు. షాకులోనున్న రోగి పక్కన పంపు సన్నగా మ్రోయుచుండగా, ఆ గుండెలో కంటికి కనబడక తిరిగి కూడుకొనుచున్న పిడికెడు భాస్వరపు సత్తువ ఏమిటో తొలుత తెలిసికొన్నవారిలో ఒకడు అనపర్తి అల్లుడు, భీమవరపు బిడ్డ. కాకినాడ ధర్మసంస్థ అప్పుడిచ్చిన సొమ్మునకు ఇంతకంటె మంచి వడ్డీ లేదు.